ఉబుంటు 22.04కి మారాక పాత ప్రోగ్రాం లేవట్లేదు, లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 లేదంటోంది. జీలిబ్‌సీ మార్చొచ్చా?

పలాస నుంచి అడిగినాయన ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది, నాకు అర్థమైంది ఇది. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కల సర్వర్, ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) 20.04 మీద నడిచేది, 2025 మేలో దానికి మామూలు సపోర్ట్ అయిపోయిందని 22.04కి అప్‌గ్రేడ్ కొట్టారు. అప్పట్నుంచి బిల్లింగ్ ప్రోగ్రాం "లిబ్‌ఎస్ఎస్ఎల్ డాట్ ఎస్ఓ డాట్ 1.1 తెరవలేను, అలాంటి ఫైలే లేదు" అని పడిపోతోంది. (లిబ్‌ఎస్ఎస్ఎల్ అంటే నెట్‌వర్క్ మీద డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వాళ్ల లైబ్రరీ.) ఏదో వీడియో చూసి వెర్షన్ 3 ఫైలుకి 1.1 అని పేరు పెట్టి సింబాలిక్ లింక్ (ఒక పేరు అడిగితే ఇంకో ఫైలు చూపించేది) ఇచ్చారు, ఎర్రర్ మారింది గానీ ప్రోగ్రాం లేవలేదు. ఎక్కడో దొరికిన డెబ్ ఫైలు (ఉబుంటు ప్యాకేజీ) బలవంతంగా ఎక్కించబోతే ఇప్పుడు ఆప్ట్ (ప్యాకేజీలు ఎక్కించే కమాండ్) కూడా మొరాయిస్తోంది. తెలిసినాయనొకడు జీలిబ్‌సీ (లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ) మార్చేద్దాం అంటున్నాడు, మార్చొచ్చా అని.

వద్దు. జీలిబ్‌సీ జోలికి అస్సలు పోవద్దు. మీ సమస్యకీ దానికీ సంబంధమే లేదు. మీరు చెయ్యాల్సింది ఏటంటే, ఆ పెట్టిన లింక్ తీసెయ్యండి, 20.04 వాళ్ల లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 ప్యాకేజీ నుంచి రెండు ఫైళ్లు బయటకి తీసి, ఆ బిల్లింగ్ ప్రోగ్రాంకి మాత్రమే కనబడేలా దాని సొంత ఫోల్డర్లో పెట్టండి, సర్వర్ మొత్తానికి కాదు. అరగంట పని. ప్రోగ్రాం రాసినవాళ్లు ఇంకా ఫోన్ ఎత్తుతుంటే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 మీద మళ్లీ కట్టి ఇమ్మనండి, అసలు మందు అదే, ఇది కట్టు మాత్రమే.

(ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద రాస్తున్నా, కమాండ్లు పలికినట్టే రాసేస్తా, మీరు టెర్మినల్‌లో మామూలుగానే కొట్టుకోండి.)

లింక్ ఎందుకు పని చెయ్యలేదో ముందు చెప్తా, ఎందుకంటే పదిమందిలో ఎనిమిదిమంది మొదట చేసేది ఇదే, నేను కూడా ఒకప్పుడు చేసినవాణ్నే. రేషన్ డిపోకి వేరేవాళ్ల కార్డు పట్టుకెళ్లారనుకోండి. పేరు చదివి డీలర్ సరే అంటాడు, మిషన్ మీద వేలు పెట్టగానే దొరికిపోతారు. ఇక్కడా అంతే. ప్రోగ్రాం ముందు ఫైలు పేరు చూస్తుంది, లింక్ పెట్టారు కాబట్టి పేరు సరిపోయింది. తర్వాత లోపల ఒక్కో ఫంక్షన్‌కీ ఉండే వెర్షన్ గుర్తు చూస్తుంది, దానికి కావల్సింది ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.0 గుర్తు, ఆ ఫైల్లో ఉన్నది 3.0.0ది. అందుకే మీకు రెండో ఎర్రర్ "వెర్షన్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.0 నాట్ ఫౌండ్" అని వచ్చింది. ఆ ఎర్రర్ రావడం మీ అదృష్టం నిజానికి. వేలిముద్ర చూడని లైబ్రరీలు కొన్ని ఉంటాయి, వాటికి ఇలా లింక్ పెడితే ప్రోగ్రాం లేస్తుంది, రెండు రోజులు నడుస్తుంది, మూడో రోజు ఎక్కడో లెక్క మధ్యలో సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని కూలిపోతుంది, అప్పుడు ఎవరికీ ఆ లింక్ గుర్తుండదు.

ఇంకో మాట. 20.04లో ఉన్న ఈ లైబ్రరీ ఎలా మాయమైందంటారా? అప్‌గ్రేడ్ చివర్లో "పాత ప్యాకేజీలు తీసెయ్యమంటారా" అని అడుగుతుంది, మనం అప్పటికి రెండు గంటలుగా కూర్చుని విసిగిపోయి వై కొట్టేస్తాం. 22.04 ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3తో వస్తాది, 1.1ని దాని ఆర్కైవ్‌లోంచే తీసేశారు, కాబట్టి అప్‌గ్రేడ్ లెక్కలో అది పనికిరానిది. మీ ప్రోగ్రాం ఆప్ట్ ద్వారా ఎక్కింది కాదు కదా, ఎవరో జిప్ ఫైలు తెచ్చి విప్పేశారు, దానికి ఆ లైబ్రరీ కావాలని ఆప్ట్‌కి ఎలా తెలుస్తుంది పాపం.

ఇక పనిలోకి. నేను ఏ సర్వర్ దగ్గరికెళ్లినా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే, ఈ బైనరీ (కంపైల్ చేసి ఇచ్చిన ప్రోగ్రాం ఫైలు) పుట్టిల్లు ఏది? ఏ లైనక్స్ మీద, ఏ వెర్షన్ మీద కట్టారు దీన్ని? అది తెలిస్తే ముప్పావు వంతు పని అయిపోయినట్టే. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "అన్నిట్లో నడుస్తుందండీ" అంటాడు, ఆ మాట నమ్మకండి, బైనరీనే అడగండి. రీడ్‌ఎల్ఫ్ కమాండ్‌కి మైనస్ పీ ఇచ్చి, డాట్ కామెంట్ అనే సెక్షన్ చూపించమనండి. కట్టిన జీసీసీ (కంపైలర్) వెర్షన్, దాని పక్కనే డిస్ట్రో (ఏ రకం లైనక్స్ అన్నది) పేరు కూడా చాలాసార్లు ఉంటాది. జీసీసీ, ఉబుంటు 9.4.0, చివర్లో 20.04 అని కనబడిందనుకోండి, పుట్టిల్లు దొరికేసింది. రెడ్ హ్యాట్ 4.8.5 అని వస్తే సెంట్ఓఎస్ 7 (రెడ్ హ్యాట్ తరహా లైనక్స్) కాలంనాటి సరుకు.

తర్వాత ఎల్డీడీ కొట్టి ప్రోగ్రాం పేరు ఇవ్వండి. ఏ లైబ్రరీ ఎక్కడ దొరికిందో వరసగా చూపిస్తాది, దొరకనిదాని ఎదురుగా నాట్ ఫౌండ్ అని ఉంటాది. అన్నీ చూడండి, మొదటి ఒక్కటే కాదు. ప్రోగ్రాం నడిపితే మొదట తగిలిన ఒక్క లైబ్రరీ పేరే చెప్పి ఆగిపోతుంది, అది పెడితే ఇంకోటి అడుగుతుంది, అలా మధ్యాహ్నమంతా పోతుంది. మీ విషయంలో లిబ్‌ఎస్ఎస్ఎల్ పక్కన లిబ్‌క్రిప్టో 1.1 కూడా లేదనే వస్తాది, నాకు తెలుసు, అవి రెండూ జంట. ఒక జాగ్రత్త, ఎక్కడిదో తెలియని ప్రోగ్రాం మీద ఎల్డీడీ కొట్టకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రాంని నిజంగానే నడిపేసే ప్రమాదం ఉంది, దాని మాన్యువల్‌లోనే రాసి ఉంటాది ఈ సంగతి. అలాంటివాటికి ఆబ్జ్‌డంప్ మైనస్ పీ వాడి, నీడెడ్ అని ఉన్న లైన్లు చూస్కోండి.

ఇప్పుడు కట్టు కట్టడం. ఉబుంటు ఆర్కైవ్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఫోల్డర్లో లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 డెబ్ ఫైలు ఉంటాది, 20.04ది, ఉన్నవాటిలో చివరి అప్‌డేట్ తీసుకోండి, ఏఎండీ64ది (మామూలు 64 బిట్). దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యొద్దు. టెంప్ ఫోల్డర్లో పెట్టి డీపీకేజీ మైనస్ చిన్న ఎక్స్ కొడితే ఊరికే విప్పుతుంది, సిస్టమ్‌లో ఏదీ మారదు. లోపల యూఎస్ఆర్ కింద లిబ్ ఫోల్డర్లో ఆ రెండు ఫైళ్లు ఉంటాయి. వాటిని ఓపీటీ కింద బిల్లింగ్ అని ఫోల్డర్ చేసి, అందులో లిబ్‌లో పెట్టండి. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ కొట్టి ఆ సర్వీసు పేరు ఇచ్చి, సర్వీస్ సెక్షన్లో ఎన్విరాన్‌మెంట్ లైన్ ఒకటి రాయండి, ఎల్డీ_లైబ్రరీ_పాత్ ఈక్వల్స్ ఆ ఫోల్డర్ దారి. లైబ్రరీల కోసం ముందు ఎక్కడ వెతకాలో ప్రోగ్రాంకి చెప్పే వేరియబుల్ అది. డీమన్ రీలోడ్, సర్వీస్ రీస్టార్ట్.

ఇక్కడ ఒకటి తగలొచ్చు, చాలామంది దీని దగ్గర తల పట్టుకుంటారు. రెండు ఫైళ్లూ దొరికాక కూడా "లిబ్‌ప్రొవైడర్స్ డాట్ ఎస్ఓ తెరవలేను" అని కొత్త ఎర్రర్ వస్తే, ఆ పేరుతో లైబ్రరీ కోసం వెతకొద్దు, ప్రపంచంలో ఎక్కడా దొరకదు. 22.04 కాన్ఫిగ్ ఫైలు వెర్షన్ 3 కోసం రాసింది, అందులో ప్రొవైడర్స్ అని ఒక సెక్షన్ ఉంటాది, పాత 1.1 దాన్ని చదివి "ఇదేదో మాడ్యూల్ కాబోలు" అనుకుని లోడ్ చెయ్యబోతుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్_కాన్ఫ్ అనే వేరియబుల్‌ని డెవ్ నల్‌కి చూపించండి, అదే సర్వీస్ ఫైల్లో ఇంకో ఎన్విరాన్‌మెంట్ లైన్, అంతే.

ఆ ఎల్డీ_లైబ్రరీ_పాత్‌ని బ్యాష్ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే షెల్ చదివే సెట్టింగుల ఫైల్లో) మాత్రం పెట్టొద్దు. ఎందుకంటే, ఒకటి, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ బ్యాష్ఆర్‌సీ చదవదు. "చేత్తో నడిపితే నడుస్తోంది, సర్వీసుగా పెడితే చస్తోంది" అని వారానికొకడు నాకు ఫోన్ చేస్తాడు, తొంభై శాతం కారణం ఇదే. సూడో కొట్టినా ఆ వేరియబుల్ పోతుంది. రెండు, అక్కడ పెడితే మీరు ఆ యూజర్‌తో నడిపే ప్రతి కమాండూ, కర్ల్‌తో సహా, ముందు ఆ పాత ఫోల్డర్లోకే తొంగి చూస్తుంది.

20.04 ఆర్కైవ్‌ని మీ సోర్సెస్ లిస్టులో కలిపేసి ఆప్ట్‌తోనే ఎక్కించొచ్చుగా అంటారు కొందరు. ఎక్కుతుంది, పేర్లు వేరు కాబట్టి 1.1, 3 పక్కపక్కన ఉండగలవు కూడా. కానీ ఆ లైన్ అక్కడే ఉండిపోతుంది, ఆర్నెల్ల తర్వాత ఇంకేదో ప్యాకేజీ అక్కడ్నుంచి దిగుతుంది, అప్పుడు మీ సర్వర్ 20.04కీ 22.04కీ మధ్య త్రిశంకు స్వర్గం. ఇంకోటి గుర్తుపెట్టుకోండి, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1కి దాని తయారీదారులే 2023 సెప్టెంబర్ 11తో సపోర్ట్ ఆపేశారు. ఈ బిల్లింగ్ పోర్టు ఫ్యాక్టరీ లోపలి నెట్‌వర్క్‌కే ఉంచండి, ఇంటర్నెట్‌కి తెరవొద్దు. తెరవక తప్పదంటే ముందు ఒక ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) పెట్టి టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్ పని) దానికి అప్పగించండి.

డాకర్ (ప్రోగ్రాంని దానికి కావల్సిన లైబ్రరీలతో సహా విడిగా ఒక డబ్బాలో నడిపేది) అలవాటుంటే 20.04 ఇమేజ్‌లో ఈ ప్రోగ్రాంని పెట్టి నడపడం ఇంకా శుభ్రం, పుట్టింటినే తెచ్చి పక్కన కట్టినట్టు. అలవాటు లేకపోతే దీని కోసం కొత్తగా నేర్చుకోవద్దు ఈ నెలలో.

ఆప్ట్ మొరాయింపు గురించి. మీరు ఆప్ట్ లిస్ట్‌కి ఇన్‌స్టాల్డ్ అని ఇచ్చి అందులో లోకల్ అని ఉన్నవి గ్రెప్ చెయ్యండి. ఏ రిపాజిటరీకీ చెందని అనాథలు అవి, బలవంతంగా ఎక్కించిన డెబ్‌లు, పాత పీపీఏల (బయటివాళ్లు నడిపే రిపాజిటరీల) మిగుళ్లు అన్నీ అక్కడ కనబడతాయి. గొడవ చేస్తున్న ప్యాకేజీ పేరు పట్టుకుని ఆప్ట్ క్యాష్ పాలసీ కొడితే, ఎక్కి ఉన్న వెర్షన్ ఏది, దొరికేవి ఏవి, ఎక్కడ్నుంచి అని చెప్తుంది. ఎక్కి ఉన్నది ఎక్కడా దొరకని వెర్షన్ అయితే దొంగ దొరికినట్టే. దాన్ని తీసేసి, ఆప్ట్ ఫిక్స్ బ్రోకెన్ ఇన్‌స్టాల్ కొట్టండి. కొట్టేముందు మైనస్ ఎస్ ఇచ్చి ఒకసారి ఉత్తుత్తి రన్ చూడండి, "ఈ ప్యాకేజీలు తీసివేయబడతాయి" అనే లిస్టు వేలు పెట్టి ఒక్కో పేరూ చదవండి. మా దగ్గర ఒక గుంటడు చదవకుండా వై కొట్టేశాడు, ఆ లిస్టులో మైఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా ఉంది. డేటా ఫోల్డర్ పోలేదు గానీ, ఆ సాయంత్రం వాడి మొహం చూడాల్సింది.

ఇప్పుడు జీలిబ్‌సీ సంగతి. మీ ఫ్రెండ్ చెప్పింది పూర్తిగా గాల్లోంచి వచ్చింది కాదు, "జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్" లాంటి ఎర్రర్ నిజంగానే ఉంటాది, కానీ అది మీ కేసుకి ఎదురు కేసు. జీలిబ్‌సీ వెనక్కి చూసి నడుస్తుంది, ముందుకి చూడలేదు. పాత మిషన్ మీద కట్టిన ప్రోగ్రాం కొత్త దాని మీద నడుస్తుంది, కొత్త మిషన్ మీద కట్టింది పాతదాని మీద నడవదు. 20.04లో జీలిబ్‌సీ 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39, సెంట్ఓఎస్ 7లో 2.17. మీరు కిందనుంచి పైకి వెళ్లారు, కాబట్టి జీలిబ్‌సీ మీకు అడ్డమే కాదు.

పైనుంచి కిందకి తెచ్చినవాళ్లకి ఏమవుతాదో చెప్తా. విజయనగరంలో ఒక ప్రైవేట్ కాలేజీ, పేరొద్దు, రిజల్ట్స్ సర్వర్ సెంట్ఓఎస్ 7 మీద ఉండేది. అక్కడి కుర్రాడికి నోడ్ 18 (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాంలు నడిపేది) కావాలి, నోడ్ 18కి జీలిబ్‌సీ 2.28 కావాలి, సర్వర్లో 2.17. సోర్స్ దించి కంపైల్ చేసి, ప్రిఫిక్స్ యూఎస్ఆర్ అని ఇచ్చి, అంటే సిస్టమ్ సొంత లైబ్రరీల మీదే పడేలా, మేక్ ఇన్‌స్టాల్ కొట్టేశాడు. ఆ రోజు మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. మా ఇల్లు మూడు లాంతర్ల దగ్గర, అమ్మవారి గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది కదా, జనం కిక్కిరిసి ఉన్నారు, బండి కాదు, కాలు కూడా బయట పెట్టడానికి లేదు. అప్పుడు ఫోన్. "అన్నా, ఎల్ఎస్ కొడితే రావట్లేదన్నా. సీపీ రావట్లేదు. ఏది కొట్టినా లిబ్‌సీ డాట్ ఎస్ఓ డాట్ 6, సింబల్ ఏదో డిఫైన్ కాలేదంటోంది."

ఏమైందంటే, ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయింది, లిబ్‌సీ లింక్ కొత్త 2.28కి తిరిగింది, దాన్ని లోడ్ చేసే లోడర్ మాత్రం పాత 2.17దే. ఆ రెండూ ఒకే కాన్పులో పుట్టాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే ఏ ప్రోగ్రామూ లేవదు. నేను చెప్పిన మొదటి మాట, "ఒరే, ఆ టెర్మినల్ ముయ్యకు. చచ్చినా ముయ్యకు." ఎందుకంటే కొత్తగా ఎస్ఎస్‌హెచ్ రాదు, రీబూట్ కొడితే లేవదు, అప్పటికే తెరిచి ఉన్న ఆ ఒక్క షెల్లే ప్రాణం. షెల్ లోపలి కమాండ్లు పని చేస్తాయి, ఎకో, సీడీ లాంటివి. లిబ్64 ఫోల్డర్లోకి వెళ్లి ఎకో, లిబ్‌సీ మైనస్, స్టార్ కొట్టమన్నా, ఎల్ఎస్ లేనప్పుడు అదే ఎల్ఎస్. బయట డప్పులు, ఫోన్లో వాడి గొంతు వణుకుతోంది, ఒక్కో అక్షరం అరిచి చెప్తున్నా. లిబ్‌సీ 2.17 ఫైలు ఇంకా అక్కడే ఉంది, బతికిపోయాం. ఎస్ఎల్ఎన్ అని ఒక కమాండ్ ఉంటాది, ఎల్ఎన్ కాదు, ముందు ఎస్, అది ఏ లైబ్రరీ మీదా ఆధారపడకుండా కట్టింది, సరిగ్గా ఇలాంటి రోజు కోసమే జీలిబ్‌సీ వాళ్లు పెట్టారు. దాంతో లింక్‌ని మళ్లీ 2.17కి తిప్పించా. "అన్నా వచ్చేసిందన్నా" అన్నాడు, వెనకాల ఎల్ఎస్ వచ్చిందని ఇంకెవరికో చెప్తున్నాడు. సిరిమాను అప్పటికి రెండోసారి కోట దగ్గర్నుంచి తిరిగొస్తోంది.

వాళ్లకి నోడ్ 16 పెట్టి నడిపించాం, అది 2.17తో సరిపెట్టుకుంటుంది. తర్వాత సర్వర్నే మార్చేశారు, సెంట్ఓఎస్ 7 కూడా 2024 జూన్ 30తో అయిపోయింది కదా.

ఇంకో కేసు కూడా చెప్పాలి, మీ వైపుదే, ఇందులో తప్పు నాది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మీ పలాస దగ్గరే తీరం దాటింది, మీకు నేను చెప్పాలా. ఉద్దానంలో ఒక కొబ్బరి వ్యాపారి సర్వర్, ఆ రాత్రి ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. వారం తర్వాత జనరేటర్ మీద లేపితే, డీపీకేజీ మధ్యలో ఆగిందని, కాన్ఫిగర్ మైనస్ ఏ కొట్టమని అడిగింది. కొట్టారు, చాలావరకు సర్దుకుంది, ఒక్క ప్యాకేజీ మాత్రం సగం విప్పి ఉంది, మళ్లీ దించాలి. నెట్ లేదు, టవర్లే లేవు. నేను ఇక్కడ నా ల్యాప్‌టాప్‌లో ఆప్ట్ గెట్ డౌన్‌లోడ్ కొట్టి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయల్దేరా. దారంతా కొబ్బరి చెట్లు అడ్డంగా, సగం దూరం బస్సు, తర్వాత ఎవరిదో బండి, చివర రెండు కిలోమీటర్లు నడక. తీరా పెడితే ఎక్కదే! నా ల్యాప్‌టాప్ 18.04, ఆయన సర్వర్ 16.04. ప్యాకేజీ పేరు ఒకటే, పుట్టిల్లు వేరు, కొత్త లిబ్‌సీ కావాలని అడుగుతోంది. ఆయన కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చాడు, ఏమీ అనలేదు, అదే ఇంకా సిగ్గనిపించింది. మర్నాడు మళ్లీ వెళ్లా. అప్పట్నుంచి ప్రతి సర్వర్‌కీ వెర్షన్, ఆర్కిటెక్చర్ ఒక చీటీ రాసి డబ్బా మీదే అతికిస్తా, ప్యాకేజీ దించాల్సొస్తే అదే వెర్షన్ వర్చువల్ మిషన్లో దించుతా.

చిన్నవి రెండు. ఫైలు కళ్లముందే ఉంది, అయినా "నో సచ్ ఫైల్" అంటే అది 32 బిట్ ప్రోగ్రాం కావొచ్చు, లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని లేపే 32 బిట్ లోడర్. ఫైల్ అనే కమాండ్ కొడితే తెలుస్తాది. డీపీకేజీకి ఐ386 ఆర్కిటెక్చర్ కలిపి, అప్‌డేట్ కొట్టి, లిబ్‌సీ6 ఐ386ది ఎక్కించండి. రెండోది, మీరే కంపైల్ చేసి యూఎస్ఆర్ లోకల్ లిబ్‌లో పెట్టిన లైబ్రరీ దొరకట్లేదంటే ఎల్డీకాన్ఫిగ్ కొట్టడం మర్చిపోయి ఉంటారు. రెడ్ హ్యాట్ తరహా వాటిలో ఆ ఫోల్డర్‌ని ఎల్డీ డాట్ ఎస్ఓ డాట్ కాన్ఫ్ డాట్ డీలో ఒక ఫైలుగా రాసి, అప్పుడు కొట్టాలి.

మీరు ఇవాళ చెయ్యాల్సింది, లింక్ తీసేసి, ఎల్డీడీ అవుట్‌పుట్ మొత్తం, ఆ డాట్ కామెంట్ లైను, గొడవ చేస్తున్న ప్యాకేజీ మీద ఆప్ట్ క్యాష్ పాలసీ ఇచ్చింది, మూడూ పంపండి. స్క్రీన్‌కి ఫోన్‌తో ఫోటో తీసి కాదు, టెక్స్ట్ కాపీ చేసి. 20వ తారీకు జీఎస్టీ రిటర్న్ ఉంటాది కదా మీకు, అంతకు ముందే చూద్దాం.